చంద్రవ్వ చాటలో పెంటికలు

చంద్రవ్వ ఇంట్లో రెండు చాటలున్నాయి. ఒకటి బియ్యం చెరిగేది, పొయ్యి పక్కన గోడకు వేలాడుతుంది. రెండోది వెనక వాకిట్లో, రేకుల కింద విడిగా ఉంటుంది. దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. పొద్దున్నే ముఖం కడుక్కుని, చాయ్ కూడా తాగకముందే, చంద్రవ్వ ఆ చాట తీసుకుని కుందేలు బోను దగ్గర గొంతుక్కూర్చుంటుంది. బోను కింది రేకును లాగి, రాత్రంతా పడ్డ పెంటికలను చాటలో పోసి, వెలుతురుకు తిరిగి ఒక్కసారి ఎగరేస్తుంది. పొల్లు, బొచ్చు, గడ్డిపరకలు గాలికి పోతాయి. గుండ్రటివి మిగులుతాయి. వాటిని వేలితో అటూ ఇటూ కదిలించి చూస్తుంది. ఒకటి రెండు నలిపి చూస్తుంది.

గోడ అవతలి రాధమ్మకు ఇది రోజూ వేడుకే.

"ఏం వదినే, శెనగలు ఏరుతున్నవా? మాకు గిన్ని పంపరాదు, గుడాలు చేసుకుంటం."

"పంపుత తియ్ రాధమ్మా. మంచిగ తాళింపు ఏసి ముందుగాల మీ ఆయనకు పెట్టు."

"ఆయన ఏది పెట్టినా తింటడు, తిన్నంక పేరు అడుగుతడు."

నవ్వులాటగా అన్నా రాధమ్మ పోలిక తప్పు కాదు. చంద్రవ్వ లెక్క కూడా గింజల లెక్కే. పెంటిక శెనగగింజంత ఉండి, పొడిగా ఉండి, నలిపితే గడ్డిపొడిలా రాలిందంటే కుందేలు కడుపు నడుస్తున్నట్టు. ఆ పూట ఇంట్లో చాయ్ తొందరగా అవుతుంది, కోడలితో మాటలు సాగుతాయి. పెసరగింజంతకు దిగిందంటే చంద్రవ్వ ఎవరితోనూ మాట్లాడదు. ఆవగింజంతకు దిగితే ఏమవుతుందో ఆమె ఒక్కసారే చూసింది. చూసేనాటికి అది దేనికి గుర్తో తెలియలేదు.

ముఖం చూసి జబ్బు చెప్పేవాళ్లను లోకం గొప్పవాళ్లంటుంది. ముఖం వదిలేసి, కింద పడ్డదాన్ని చూసేవాళ్ల గురించి గొప్పగా చెప్పుకోవడానికి నోరు రాదు. అయినా అట్లాంటివాళ్లు ప్రతి కాలంలోనూ ఉన్నారు. పాతకాలం వైద్యులు రోగి మూత్రాన్ని గిన్నెలో పట్టి, గడ్డిపరకతో నూనెచుక్క వదిలి, అది ఏ దిక్కుకు పాకుతుందో, ఏ ఆకారం కడుతుందో కనురెప్ప వేయకుండా చూసేవారు. చుక్క అడుగుకు దిగిపోతే మందులసంచి మూట కట్టుకుని, ఇంటివాళ్లకు ఏదో సాకు చెప్పి వెళ్లిపోయేవారట. గొర్రెలమంద తోలే కురుమవాళ్లు ముందు నడవరు, వెనక నడుస్తారు. మంద వదిలిన దారిని చూసుకుంటూ పోతే, ఏ గొర్రెకు పారుడు పట్టిందో గొర్రె కంటే ముందు వాళ్లకు తెలుస్తుంది. అడవిలో జాడ పట్టేవాడు సరేసరి. ఎలుగు మీద పడేదాకా ఎలుగు కోసం వెతికేవాడు రెండోసారి అడవికి పోడు. నోరు అబద్ధమాడుతుంది, కళ్లు అబద్ధమాడతాయి. ఒంట్లోంచి బయటపడేదానికి ఆ విద్య తెలియదు.

చంద్రవ్వకు ఈ సంగతి నేర్పింది కుందేలు కాదు, పెనిమిటి.

ఎల్లన్న నేతగాడు. గొల్లభామ చీర కొంగు మీద, నెత్తిన కుండ పెట్టుకున్న భామను దారం దారంగా నిలబెట్టగలిగినవాడు. చేతిమగ్గం అన్నం పెట్టలేని రోజులొచ్చాక వాడకట్టులో సగం మందిలాగే పరాయి రాష్ట్రంలోని భీవండికి బస్సెక్కాడు. అక్కడ సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పని, సాంచాల పైన అటక మీద పడక, గల్లీ చివర అందరికీ కలిపి దొడ్లు. ఆదివారం ఆదివారం ఫోను చేసేవాడు. ఎప్పుడు చేసినా ఒకటే మాట. "మంచిగనే ఉన్న. మీరు మంచిగుండున్రి." చంద్రవ్వ కండెలు చుట్టుకుంటూ ఆ మాట వినేది. రాట్నం తిప్పుతూ నూలును కండెకు చుట్టి, మగ్గం మీద అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టడానికి అందించే పని ఆమెది. చిన్నప్పటి నుంచీ అదే పని. నూలు తెగితే వేలికి తెలుస్తుంది. మనిషి తెగితే ఫోనులో తెలియలేదు.

ఒక దసరా ముందర ఎల్లన్న వస్తున్నానన్నాడు. చంద్రవ్వ బస్టాండుకు వెళ్లింది. బస్సులోంచి ఒక ముసలివాడు మెల్లగా దిగి ఆమె ముందర నిలబడ్డాడు. చంద్రవ్వ అతని భుజం మీదుగా బస్సు తలుపువైపే చూస్తోంది, తన మనిషి ఇంకా దిగలేదేమని. "చంద్రీ" అని పిలిచేదాకా గుర్తుపట్టలేదు. అంగీ లోపల మనిషి ఉన్నట్టే లేడు.

కడుపు వేడి చేసిందనుకుంది. వాళ్లింట్లో తాతల నాటి నుంచీ కడుపుకు ఏది వచ్చినా ఒకటే పద్ధతి: పస్తు. పొయ్యి మీద గంజి తేట, రెండు ఉప్పుగల్లు, అంతే. తిండి మానితే కడుపు తనంతట తను కడుక్కుంటుందని నమ్మకం. అలా పస్తు పెట్టి పెట్టి చివరకు పట్నం దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు ఎల్లన్న కళ్లూ చూడలేదు, నాలుకా చూడలేదు. ఒకటే అడిగాడు. "దొడ్డికి పోతే రక్తం పడుతుందా?"

ఎల్లన్న పెండ్లాం ముఖం చూసి, నేల చూసి, "పోయిన ఏడాదిసంది" అన్నాడు.

ఏడాది. ఏడాది పొడుగునా ప్రతి పొద్దూ తన కళ్లతో చూసుకుని, నీళ్లు పోసి కడిగేసి, ఆదివారం మంచిగనే ఉన్నానని చెప్పినవాడు. ఆ తర్వాత ఆయన ఎక్కువకాలం లేడు. చంద్రవ్వ మాత్రం ఆ ప్రశ్నతో మిగిలింది. ఆ ఒక్కమాట తను ముందుగా ఎందుకు అడగలేదని ఇల్లు ఊడుస్తూ అనుకునేది, కండె చుట్టుతూ అనుకునేది. మొగుణ్ని అట్లాంటిది అడుగుతారా ఎవరైనా? తిన్నావా అని అడుగుతారు. పోయినావా అని ఎవరడుగుతారు?

కొడుకు దినేశ్ సిద్దిపేటలోనే సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టాడు, కొన్నాళ్లకు మూసేశాడు. చివరకు ఒకరోజు భీవండి అన్నాడు.

"మీ బాపు పోయిన కాడికే పోతవారా?"

"గా జమానా పోయిందవ్వా. నేను సాంచా నడుపుతనా ఏంది? సూపర్‌వైజర్‌ను. కుర్చీల కూసునే పని."

పోయే ముందు రెండు పనులు చేశాడు. బాపు పెళ్లినాటి గొలుసు గడియారం తన చేతికి బిగుతైతే, బస్టాండు దగ్గరి గడియారాల దుకాణంలో గొలుసుకు కడ్డీలు కలిపించి పెట్టుకున్నాడు. బిడ్డ సంహిత ఏడవకుండా అంగడిలో రెండు కుందేలు పిల్లలను కొనిచ్చాడు. సన్నగా, అటూ ఇటూ ఉరికేదానికి సంహిత నాడె అని పేరు పెట్టింది. తెల్లగా, బొద్దుగా, నిండా నూలు చుట్టినట్టు ఉండేదాని పేరు కండె. చంద్రవ్వకు ఆ పేర్లు ఎంత నచ్చాయంటే, బోను ముందర కూర్చుని వాటిని పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది.

తర్వాత సంహిత హుస్నాబాద్ గురుకులంలో చేరింది. కోడలు ప్రవీణ బట్టల షోరూంలో పనికి పోతుంది. పగలంతా ఇంట్లో చంద్రవ్వ, రెండు కుందేళ్లు.

నాడె పోయిన రోజు ఏ శబ్దమూ లేదు. పొద్దున గడ్డి ముందర కూర్చుంది, చెవులు నిలబెట్టింది, పిలిస్తే చూసింది. మాపటికి కట్టె. ఆ పొద్దున బోను ఊడుస్తున్నప్పుడు పెంటికలు ఆవగింజల్లా నల్లగా కొన్నే ఉన్నాయని, ఇవ్వాళ ఊడ్చే పని తక్కువే అని అనుకున్నది చంద్రవ్వకు గుర్తుంది. మిగిలిన కండెను బుట్టలో పెట్టుకుని పశువుల దవాఖానకు పోయింది. అక్కడి డాక్టరమ్మ మైత్రి చిన్నపిల్లలా ఉంటుంది కానీ మాట కరుకు.

"అవ్వా, కుందేలు నొప్పి చెప్పదు. చెప్పిందనుకో, గద్ద ఎత్తుకపోతది, నక్క ఎత్తుకపోతది. అందుకే పానం పోయే దాక మంచిగున్నట్టే కూసుంటది. దాని మొఖం చూస్తే నీకేం తెల్వది. రోజు పొద్దున పెంటికలు చూడు. చిన్నగైనయా, తక్కువైనయా, తడిగున్నయా, గా దినమే తీస్కరా. ఆగకు."

చంద్రవ్వ బుట్టలోని కుందేలు చెవులు నిమిరింది. తర్వాత, "మా ఇంట్ల గిసొంటోడే ఒకడుండె" అంది.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఆమె వరసలో తర్వాతి బుట్టవాళ్లను పిలిచింది.

ఆ రోజు నుంచి చాట. ఇంకో సంగతి కూడా డాక్టరమ్మే చెప్పింది. తెల్లవారుజామున కుందేలు మూతి కిందికి వంచి, ద్రాక్షగుత్తిలా మెత్తగా మెరిసేదాన్ని నేలను తాకనీయకుండా తినేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు చంద్రవ్వ, "ఛీ ముండా, గదేం తిండే" అని చెంబు విసరబోయింది. ఆ మెత్తటి గుత్తిలోనే దాని బలమంతా ఉందట. ఒకసారి తిన్న గడ్డిని అలా రెండోసారి తింటేనే దానికి ఒంటపడుతుందట. తినకుండా వదిలేసి, అది రేకుకు అంటుకుని కనిపించిందంటే అదీ చెడ్డ గుర్తే. కాబట్టి చంద్రవ్వ ఉన్నవాటినే కాక, ఉండకూడనివాటిని కూడా చూడడం నేర్చింది.

"నాయినమ్మా, కండెను నువ్వే చూస్కోవాలె" అని సెలవులకొచ్చిన ప్రతిసారీ సంహిత చేతిలో చెయ్యి వేయించుకుని పోయేది. నాడె పోయినప్పుడు ఆ పిల్ల ఏడవలేదు. తాతకేమైందో దీనికీ అదే అయిందా అని అడిగింది. చంద్రవ్వకు ఏడుపు అప్పుడొచ్చింది.

ఈ ఏడు బతుకమ్మ పండుగ దగ్గరపడేసరికి ముసురు పట్టింది. ఎండ ముఖం చూడని రోజులు. కోమటిచెరువు పక్క నుంచి రోజూ కోసుకొచ్చే గరిక బురదలో నానిపోయింది. తడిగడ్డి పెడితే కడుపు ఉబ్బుతుందని చంద్రవ్వకు భయం. ఎండుగడ్డి అమ్మేవాడు రాలేదు. ఇంట్లో ఉన్నది పెట్టింది: ఇంత అన్నం, ఇన్ని మక్కగింజలు, రాధమ్మ ఇచ్చిన బిస్కెట్ ముక్కలు. ప్రేమ ఉన్న ఇంట్లో గిన్నె ఖాళీగా ఉంచరు కదా. కండె ఇష్టంగానే తిన్నది.

మొదట చాటలో కనిపించింది దండ. నాలుగు పెంటికలు వెంట్రుకతో ఒకదానికొకటి కట్టుకుని పూసలదండలా వేలాడాయి. బొచ్చు రాలే కాలం, నాక్కుంటూ మింగుతుంది. చంద్రవ్వకు మాత్రం అది నూలుపోగులా కనిపించింది. మగ్గం గదిలోంచి తెగిన దారం తిన్నదనుకుని, ఆ పగలంతా గది మూలమూలా ఊడ్చి, పోగన్నది లేకుండా ఏరేసింది.

ఆ సాయంత్రం దినేశ్ ఫోను చేశాడు. వీడియో కాదు, ఉత్త ఫోను.

"ఏం తిన్నవ్ బిడ్డా?"

"ఏదో తిన్న తియ్ అవ్వా. నోరంత సప్పగుంది ఇయ్యాల రేపు. మెస్సు మార్చిన్రు."

"అత్తమ్మా, ఆయన గ్యాస్ గోలీలు మింగుతున్నడు, అడుగు" అని ప్రవీణ వంటింట్లోంచి అరిచింది.

"అందరు మింగుతరు. మసాలాల తిండి" అన్నాడు దినేశ్. "మంచిగనే ఉన్న."

చంద్రవ్వ కళ్లు అప్పుడు బోను మీద ఉన్నాయి. కండె గిన్నె దగ్గరికి వచ్చి, మూతి పెట్టి, తినకుండా వెనక్కి జరిగింది. "మళ్ల మాట్లాడుత కొడుకా" అని ఆమే ఫోను పెట్టేసింది.

మరుసటి పొద్దు చాటలో పెసర్లు. వాటితోపాటు రేకుకు అంటుకున్న మెత్తటి మరక. చాట చేతిలో అట్లాగే ఉండిపోయింది. రాధమ్మ గోడ మీదుగా తల పెట్టి, గుడాల మాట అనబోయి, చంద్రవ్వ ముఖం చూసి మానేసింది.

ఆగకు అన్నది డాక్టరమ్మ. చంద్రవ్వకు ఆగాలని లేదు. కానీ దవాఖానకు పోయే ముందు చేయవలసింది ఒకటుందని ఆమె ఒంట్లో ఇంకిపోయిన బుద్ధి చెప్పింది. కడుపు చెడిన ప్రాణికి తిండి పెడతారా ఎవరైనా? గిన్నె తీసేసింది. గడ్డి తీసేసింది. గంజి తేట ఒక మూకుట్లో పోసి పెట్టింది. ఈ పూట కడుపు కడుక్కుంటే రేపటికి శెనగలు పడతాయి, పడకపోతే రేపు తీసుకుపోదాం అనుకుంది. ముసురులో ఆటోలు కూడా లేవు.

తెల్లారి చాటలో ఏమీ లేదు.

ఎగరేయడానికి పొల్లు కూడా లేదు. రేకు శుభ్రంగా, కడిగినట్టుగా ఉంది. ప్రవీణ చూసి, "నువ్వే కడిగినవా అత్తమ్మా?" అంది. చంద్రవ్వ బోను తలుపు తీసింది. కండె మూలకు ఒదిగి, వీపు గూనిలా వంచుకుని, కళ్లు సగం మూసి కూర్చుంది. పిలిస్తే చెవి కదిలించింది. మంచిగనే ఉన్నట్టు. పొట్ట కింద చెయ్యి పెడితే గట్టిగా, నిండు కండెలాగే తగిలింది. చంద్రవ్వ వేళ్లు వెనక్కి లాక్కుంది.

బుట్టలో పాతచీర పరిచి, దానిమీద కుందేలును పెట్టి, పైన గొడుగు పట్టుకుని ప్రవీణ, పక్కన చంద్రవ్వ. వీధిలో ఆడవాళ్లు తంగేడుపూల మూటలతో ఎదురొస్తున్నారు. "ఏందవ్వా, పూలా?" అని బుట్టలోకి తొంగిచూసినవాళ్లు నోరు మూసుకుని పక్కకు జరిగారు.

డాక్టరమ్మ పొట్టమీద గొట్టం పెట్టి విన్నది. చాలాసేపు విన్నది. ఒకచోటు నుంచి ఇంకోచోటుకు జరిపి విన్నది.

"ఏం చప్పుడు లేదు" అంది. "లోపలంత ఆగింది. ఎప్పటిసంది తింటలేదు?"

"నిన్నటిసంది నేనే పెడతలేను బిడ్డా. పస్తుంచిన."

మైత్రి గొట్టం చెవుల్లోంచి తీసింది. "ఎందుకు?"

"కడుపు బాగలేదు గదా. కడుపు కడుక్కుంటదని."

"అవ్వా!" డాక్టరమ్మ గొంతు పెరిగి, మళ్లీ తగ్గింది. "మనిషి పస్తుండొచ్చు. దీనికి పస్తంటే చావే. వెనకకెల్లి గడ్డి వస్తుంటేనే ముందల గడ్డి కదులుతది. నూకేది లేకపోతే ఆడికాడనే గడ్డ కడ్తది, గాలి నిండుతది. అన్నం, మక్కలు పెట్టి కడుపు చెడగొట్టినవ్, గడ్డి గుంజుకొని ఆపినవ్. గుర్తు మంచిగనే పట్టినవ్. పట్టి గిదా చేసేది?"

చంద్రవ్వ తలవంచుకుని ఉంది. ఎల్లన్నకు తను పోసిన గంజి తేట మూకుడు ఆమె కళ్లకు కట్టింది. మనిషి పస్తుండొచ్చు అన్నది ఈ పిల్ల. ఏ మనిషి?

సూదిమందులు, చర్మం కింద సెలైను. ఇంటికి పోయి ఎండుగడ్డిని మెత్తగా నూరి, నీళ్లలో కలిపి, సూది లేని సిరంజితో దవడ పక్క నుంచి కొద్దికొద్దిగా పట్టించమంది. పొట్ట మెల్లగా నిమరమంది. వెచ్చగా ఉంచమంది. "పెంటిక పడ్తే బతికినట్టు. పడకపోతే..." అని ఆగి, బుట్ట మీద చీర కప్పింది.

గడ్డి కోసం ప్రవీణ పాలవాళ్ల ఇంటికి ఉరికింది. గేదెల కొట్టం అటక మీద పొడిగా ఉన్న గడ్డిని ఒళ్లో నింపుకొచ్చింది. చంద్రవ్వ రోట్లో దంచి, పలచటి గుడ్డలో జల్లించింది. ఒడిలో కుందేలును పట్టుకుని కూర్చుంది. ఒక చుక్క, ఆగడం. ఇంకో చుక్క. సగం గడ్డం మీదుగా కారింది. వాకిలి అవతల బతుకమ్మ ఆడేవాళ్ల చప్పట్లు మొదలయ్యాయి, వాన చినుకులకు చెదిరి, మళ్లీ మొదలయ్యాయి. రేపు సంహిత వస్తుంది. ఆ పిల్ల గేటు తీసి నేరుగా వెనక వాకిట్లోకే ఉరుకుతుంది. చంద్రవ్వ బొటనవేళ్లతో ఆ గట్టి పొట్టను ముందు నుంచి వెనక్కి నిమురుతూ, వేళ్లకింద ఏదైనా కదులుతుందేమోనని చూస్తోంది. తెగిన పోగు కోసం పడుగు మీద తడిమినట్టుగా. ఏమీ కదలలేదు.

రాధమ్మ బతుకమ్మ దగ్గరి నుంచి సత్తుపిండి పట్టుకుని వచ్చి, గడప దగ్గర నిలబడింది.

"జర తిను వదినే. నువ్వు గూడ పస్తేనా?"

చంద్రవ్వ ఆ పిండి ముద్దను తీసుకుని తిన్నది. ఎప్పుడూ లేనంత జాగ్రత్తగా నమిలి తిన్నది.

తెల్లారింది. ముసురు విడవలేదు కానీ వెలుతురు వచ్చింది. ఒళ్లో పరిచిన పాతచీర మడతలో నల్లగా ఒకటి. మిరియమంత, వంకర, బొచ్చు చుట్టుకుని, ఎండిన రాయిలా. చంద్రవ్వ దాన్ని అరచేతిలో పెట్టుకుంది. కాసేపటికి ఇంకోటి. తర్వాత కండె మెడ చాచి, సిరంజి మొనను తనే పట్టి లాగింది. మధ్యాహ్నానికి గడ్డిపరకను పంటితో కొరికిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు విని ప్రవీణ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఫోను పట్టు. దినేశ్‌కు చూపెట్టు" అంది చంద్రవ్వ.

వీడియోలో దినేశ్ వచ్చాడు. వెనక సాంచాల చప్పుడు. ముఖం తెరనిండా ఉంది, మెడ దాకా కూడా కనబడటం లేదు. చంద్రవ్వ చాటను ఫోను ముందర పెట్టింది. పెసరంత పెంటికలు, గుప్పెడు.

"చూసినవా కొడుకా! గివి పడ్డయి."

దినేశ్ పగలబడి నవ్వాడు. "ఓయవ్వ! ముత్యాలను చూపెట్టినట్టు చూపెడ్తున్నవేందే? డ్యూటీల ఉన్న, పక్కపొంటి అందరు చూస్తున్నరు!" నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తాడు.

గొలుసు గడియారం మణికట్టు మీద నిలవలేదు. గలగలమంటూ మోచేతి దాకా జారిపోయింది. చెయ్యి దించితే మళ్లీ మణికట్టుకు వచ్చింది. బిగుతైతే కడ్డీలు కలిపించిన గొలుసు.

చంద్రవ్వ చేతిలో చాట వంగి, పెంటికలు ఒకవైపుకు దొర్లాయి.

"ఫోను దూరం పెట్టు. నిన్ను చూస్త."

"ఏం చూస్తవ్ అవ్వా, నేను మంచిగనే ఉన్న. సేటు పిలుస్తున్నడు, మళ్ల చేస్త." తెర నల్లబడింది.

చంద్రవ్వ లేచింది. చాట ప్రవీణ చేతికి ఇచ్చింది. ఇన్నాళ్లలో ఇంకొకరి చేతికి అది పోవడం అదే మొదలు.

"దీన్ని నువ్వు చూడు. అన్నం పెట్టకు, మక్కలు పెట్టకు. గడ్డి మాత్రం గుంజకు. నేను వాన్ని చూసొస్త."

"పండుగ పూట ఎట్ల పోతవ్ అత్తమ్మా? ఆయన..." ప్రవీణ ఆగిపోయింది. గోలీల మాట గుర్తొచ్చిందో, ఇంకేదైనా గుర్తొచ్చిందో, "పాయింటు నడుం కాడ బిగుతు చేపియ్యాలె అన్నడు మొన్న" అంది మెల్లగా.

సంహిత గేటు తీసుకుని ఉరికొచ్చి కండెను ఎత్తుకున్నప్పుడు నాయినమ్మ చీర మార్చుకుని, సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. "ఎటు పోతున్నవ్?" అంటే, "మీ బాపును తోల్కొస్త" అంది. పిల్ల చంకలెగరేసింది. ఆ సంతోషాన్ని చూడలేక చంద్రవ్వ చెప్పులు వెతుక్కుంది.

భీవండి బస్సు పొద్దుగూకే వేళకు కదులుతుంది. సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్ల మగవాళ్లను ఏళ్లుగా మోసుకుపోతున్న దారి అది. వాళ్లలో కొందరిని పోయేటప్పుడున్న ఒళ్లుతో తిరిగి మోసుకురాలేదు. పండుగకు ఇటు వచ్చే బస్సులు కిక్కిరిసి ఉన్నాయి, అటు పోయేది సగం ఖాళీ. చంద్రవ్వ కిటికీ పక్కన కూర్చుంది. బస్సు చెరువు దగ్గరికి వచ్చేసరికి నీళ్లమీద బతుకమ్మలు దీపాలతో తేలుతూ మెల్లగా మధ్యకు పోతున్నాయి. అప్పుడే ఫోను మోగింది.

"అవ్వా, నీకేమన్న పిచ్చి లేసిందా? ప్రవీణ చెప్పింది. దిగు. ఆడనే దిగు. నేను మంచిగనే ఉన్న."

"దినేశా, ఒక మాట అడుగుత, చెప్పు. దొడ్డికి పోతే రక్తం పడ్తుందా?"

ముందు సీటు మనిషి వెనక్కి తిరిగి చూశాడు. పక్క వరసలో ఒకామె మునివేళ్లతో నోరు మూసుకుంది. చంద్రవ్వ వాళ్లెవరినీ చూడలేదు.

"అవ్వా... గదేం మాట! బస్సుల అందరుంటరు."

"ఉండని. పడ్తుందా?"

సాంచాలు దడదడలాడుతున్నాయి. ఆ దడదడలో ఒక ఊపిరి తీసిన చప్పుడు.

"కొద్దిగనే, అవ్వా."

"ఎప్పటిసంది?"

అటువైపు మాట లేదు. ఫోను మాత్రం కట్ కాలేదు. బస్సు చెరువు దాటింది, ఊరి దీపాలు వెనకబడ్డాయి. చంద్రవ్వ ఫోనును చెవికి ఇంకాస్త గట్టిగా ఒత్తుకుని, సాంచాల చప్పుడు వింటూ కూర్చుంది.